అంకె మారితే ఆకారం మారాలి

హోసూరు రోడ్డులో ఎలక్ట్రానిక్ సిటీ దాటాక బొమ్మసంద్ర, దాన్ని ఆనుకున్నట్టే చందాపుర, ఇంకాస్త ముందుకు పోతే అత్తిబెలె, పొలిమేర దాటగానే తమిళనాడులోని హోసూరు. మెట్రో పసుపు లైను 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా వచ్చి ఆగింది. చందాపుర కూడలిలో ఆనేకల్ రోడ్డు చీలుతుంది. హోసూరులోని టీవీఎస్ మోటార్, అశోక్ లేలాండ్, టైటాన్ పేర్లు అందరికీ తెలుసు. ఈ దారి పొడవునా పారిశ్రామికవాడల్లో ఉండే చిన్న వర్క్‌షాపుల పేర్లు మాత్రం వాటితో పనిబడిన వాళ్లకే తెలుస్తాయి. ఒక దగ్గర లేజర్ కటింగ్ మెషీను, ఇంకో దగ్గర రేకు వంచే ప్రెస్ బ్రేకు, మరో షెడ్డులో రెండు సీఎన్‌సీ లేత్‌లు. కన్నడం, తమిళం, తెలుగు కలగలిసి వినబడే చోటు ఇది. ఎమ్‌ఎమ్, హోల్, బెండింగ్, ఫిట్టింగ్ అనే మాటలు మాత్రం మూడు భాషల్లోనూ ఒకటే.

ఇలాంటి చోట పని డ్రాయింగుతో మొదలవుతుంది, మార్పుతో ముదురుతుంది. ప్లేటు కోసి, బెజ్జాలు వేసి పంపాక కబురొస్తుంది: "మోటారు మారింది సార్, ప్లేటు కూడా మార్చాలి." అంకె మారిస్తే ఆకారం తానే మారే పారామెట్రిక్ డిజైన్ అసలు సంగతంతా ఈ ఒక్క కబురు చుట్టూ తిరుగుతుంది. కంప్యూటర్లో అందమైన త్రీడీ బొమ్మ తయారుచేయడం పెద్ద విద్యేమీ కాదు. మార్పు వచ్చిన రోజున ఆ బొమ్మ విరిగిపోకుండా, అబద్ధం చెప్పకుండా మారేలా కట్టడమే విద్య.

ఆ మోటారునే ఉదాహరణగా తీసుకుందాం. త్రీడీ ప్రింటర్లలో కనిపించే చదరపు స్టెప్పర్ మోటారును నెమా 17 అంటారు. ముఖం వెడల్పు సుమారు 1.7 అంగుళాలు కాబట్టి ఆ సంఖ్య, వాడుకలో 42.3 మి.మీ. ముఖం నాలుగు మూలల్లో ఎమ్ 3 స్క్రూలు పట్టే మరలు ఉంటాయి, ఒకదానికొకటి 31 మి.మీ. ఎడంలో. నడుమ ఇరుసు చుట్టూ 22 మి.మీ. వ్యాసంతో కాస్త ఉబ్బిన గట్టు ఉంటుంది. మోటారును సరిగ్గా నడిమికి తెచ్చేది అదే. దీన్ని బిగించే ప్లేటుకు ముఖం చుట్టూ 10 మి.మీ. అంచు వదిలితే 62.3 మి.మీ. చదరం వస్తుంది. గట్టు దూరడానికి అర మిల్లీమీటరు వదులిచ్చి 22.5 బెజ్జం, స్క్రూలకు 3.4 బెజ్జాలు.

బరువు పెరిగింది, నెమా 17 చాలలేదు, నెమా 23 కావాలి. దాని ముఖం 56.4, బెజ్జాల ఎడం 47.14, నడిమి గట్టు 38.1, స్క్రూ ఎమ్ 5 కాబట్టి బెజ్జం 5.5. పాత ప్లేటు బొమ్మను జిరాక్సులో పెద్దది చేసినట్టు పెంచేస్తే సరిపోదా? సరిపోదు. ముఖం 1.33 రెట్లు పెరిగింది, స్క్రూల ఎడం 1.52 రెట్లు, స్క్రూ బెజ్జం 1.62 రెట్లు, గట్టు 1.73 రెట్లు. అంచు, వదులు అసలు పెరగలేదు. ప్రతి కొలతకూ దాని సొంత కారణం ఉంది, అది ఆ కారణాన్ని బట్టే మారుతుంది.

ఆకారం చెడకుండా పరిమాణం పెంచడం మన దేశంలో పాత ప్రశ్నే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాల్లో డేగ ఆకారపు వేదిక వైశాల్యం మొదటిసారి ఏడున్నర చదరపు పురుషలు (పురుష ఆనాటి పొడవు కొలత) ఉండాలి, తర్వాతిసారి ఎనిమిదిన్నర, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోవాలి. రెక్కల తీరు, తోక తీరు మాత్రం మారకూడదు. ఆ సూత్రకారుల్లో ఒకడైన బౌధాయనుడి దారి ఇది: రెక్కలనూ తోకనూ విడివిడిగా ముట్టుకోకుండా, కొలిచే చదరాన్నే పదిహేనింట రెండు వంతులు పెంచడం. ఏడున్నరను ఆ లెక్కన వచ్చే 17/15 తో గుణిస్తే సరిగ్గా ఎనిమిదిన్నర వస్తుంది. ఒక్క అంకె తిప్పితే వేదిక మొత్తం తిరిగే పద్ధతి అది. ముచ్చటైనదే, కానీ సులువైనది కూడా, ఎందుకంటే అక్కడ అన్నీ ఒకే రెట్టున పెరుగుతాయి. మోటారు ప్లేటు అంత సాధువు కాదు.

పాత డ్రాఫ్ట్స్‌మన్ ట్రేసింగ్ పేపరు మీద గీత తప్పితే బ్లేడుతో గీకి మళ్లీ గీసేవాడు. 1982లో ఆటోక్యాడ్ వచ్చాక బ్లేడు పోయింది, గీకడం ఉండిపోయింది. తెర మీది గీత నున్నగా, నిటారుగా ఉంటుంది గానీ తాను ఎవరికి సమాంతరమో, ఏ బెజ్జం కోసం అక్కడ ఉందో దానికి తెలియదు. వెడల్పు మారితే మనిషే వెతికి ఒక్కో గీతనూ జరపాలి.

వింతేమిటంటే, గీతకు తెలివినిచ్చే ఆలోచన ఆటోక్యాడ్ కన్నా పందొమ్మిదేళ్లు పెద్దది. 1963లో ఎమ్‌ఐటీ విద్యార్థి ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధన పత్రం కోసం లింకన్ ల్యాబొరేటరీలోని టీఎక్స్-2 కంప్యూటర్ మీద స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. దాని జ్ఞాపకశక్తి దాదాపు మూడు లక్షల బైట్లు. నేటి ఫోన్ తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. లైట్‌పెన్‌తో తెర మీద ఆరు భుజాల వంకర బొమ్మ ఒకటి గీసి, మూలలన్నీ ఒకే వృత్తం మీద ఉండాలనీ భుజాలన్నీ సమానంగా ఉండాలనీ షరతు పెడితే, ఆ వంకర బొమ్మ తనంతట తానే సర్దుకుని క్రమ షడ్భుజి అయ్యేది. గీసింది చేయి, సరిచేసింది షరతు. పరిశోధనకు మార్గదర్శకుడు క్లాడ్ షానన్. సదర్లాండ్‌కు 1988లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

అయితే ఆ ఆలోచన కర్మాగారానికి చేరడానికి పాతికేళ్లు పట్టింది. సోవియట్ యూనియన్ నుంచి అమెరికాకు వలసవచ్చిన గణితవేత్త శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో పీటీసీ కంపెనీ పెట్టి, ఆ దశాబ్దం చివర్లో ప్రో ఇంజినీర్ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ఘనాకారాలు, కొలతలు, వాటి మధ్య సంబంధాలు ఒకేచోట కలిసి నడిచిన తొలి విజయవంతమైన సరుకు అది. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ దాన్ని మొదట్లోనే కొన్నది. ఖరీదైన వర్క్‌స్టేషన్ల మీద నడిచిన ఆ విద్యను మామూలు విండోస్ కంప్యూటర్‌కు దించింది 1995లో వచ్చిన సాలిడ్‌వర్క్స్. దాని వ్యవస్థాపకుడు జాన్ హర్ష్‌టిక్ ఎమ్‌ఐటీ బ్లాక్‌జాక్ జట్టు సభ్యుడు. పేకాటలో గెలిచిన డబ్బు కంపెనీ పెట్టుబడిలోకి పోయింది. పైసా ఖర్చు లేకుండా నేర్చుకోదలచినవారికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్ ఉంది. రెండు దశాబ్దాల పైచిలుకు పెంపకం తర్వాత దాని 1.0 వెర్షన్ 2024 నవంబరులో వచ్చింది.

ఇక చేతికి పని. ఏ పారామెట్రిక్ సాఫ్ట్‌వేర్‌లోనైనా మొదటి మెట్టు స్కెచ్, అంటే ఒక చదును మీద గీసే గీతలు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గీయడం రాక కాదు, గీతకు ఎంత స్వేచ్ఛ మిగిలిందో లెక్కపెట్టక.

చదును మీద ఒక చుక్క అడ్డంగా, నిలువుగా కదలగలదు, రెండు స్వేచ్ఛలు. గీతకు రెండు కొసలు కాబట్టి నాలుగు. వృత్తానికి మూడు: కేంద్రానికి రెండు, వ్యాసార్ధానికి ఒకటి. విడివిడిగా నాలుగు గీతలు గీస్తే పదహారు స్వేచ్ఛలు. కొసలను నాలుగు మూలల్లో అతికిస్తే ఒక్కో మూలకు రెండు చొప్పున ఎనిమిది పోతాయి. రెండు గీతలు అడ్డం, రెండు నిలువు అంటే ఇంకో నాలుగు. మిగిలినవి నాలుగు: వెడల్పు, ఎత్తు, తెర మీద ఎక్కడుండాలన్న రెండు కొలతలు. చదరం నడిమి బిందువు మూలబిందువు మీదే ఉండాలంటే రెండు పోతాయి. భుజాలు సమానమన్న షరతుతో ఒకటి, 62.3 అన్న అంకెతో చివరిది. సున్నా. ఆ క్షణంలో ఫ్రీక్యాడ్‌లో గీతలు ఆకుపచ్చగా మారతాయి. సాలిడ్‌వర్క్స్‌లో నీలం పోయి నలుపు వస్తుంది. మౌస్‌తో ఎంత లాగినా ఇక ఏదీ కదలదు.

పదహారు స్వేచ్ఛల్లో అంకె పుచ్చుకున్నది ఒక్కటేనని గమనించాలి. మిగతా పదిహేనింటినీ అతుకు, అడ్డం, నిలువు, సమానం, నడిమి అనే సంబంధాలు తీసుకున్నాయి. స్కెచ్ నిండా అంకెలే కనబడితే గీసినవాడు ఆలోచించకుండా గీశాడని పట్టుకోవచ్చు. ఈ మాట కాస్త కటువే గానీ, తప్పే సందర్భాలు తక్కువ.

షరతులు ఎక్కువైనా తంటాయే. వెడల్పు 62.3 అని చెప్పి, నడిమి నుంచి కుడి అంచుకు 31 అని కూడా చెబితే రెండూ పొసగవు; సాఫ్ట్‌వేర్ ఎర్రబడి గొడవ చెబుతుంది. అది మంచి గొడవ. చెడ్డది చప్పుడు చేయని తప్పు.

స్క్రూ బెజ్జాలను ఎక్కడినుంచి కొలవాలి? ఎడమ అంచు నుంచి కొలిస్తే తొలి బెజ్జం 15.65 మి.మీ. దగ్గర పడుతుంది. 62.3లో 31 తీసేసి సగం చేస్తే వచ్చే అంకె అది. స్కెచ్ ఆకుపచ్చగానే ఉంటుంది, ప్లేటు చక్కగా వస్తుంది, మోటారు బిగుస్తుంది. మోటారు మారిన రోజున వెడల్పు 76.4, ఎడం 47.14 అయ్యాక కూడా తొలి బెజ్జం 15.65 దగ్గరే మొండికేసి కూర్చుంటుంది. ఉండాల్సింది 14.63 దగ్గర. తేడా 1.02 మి.మీ. తెర మీద కంటికి ఆనదు. లోహంలో, గట్టుకు చుట్టూ పావు మిల్లీమీటరు మాత్రమే వదులున్న చోట, నడిమి బెజ్జం ఒకచోటికి పిలుస్తుంది, స్క్రూలు ఇంకోచోటికి పిలుస్తాయి. మోటారు కూర్చోదు. అదే బెజ్జాలను నడిమి బిందువుకు సమదూరంగా కట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. రెండు స్కెచ్‌లూ మొదటిరోజు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి కారణం చెప్పింది, రెండోది కాకతాళీయంగా కుదిరిన కొలత చెప్పింది.

47.14 అనే వంకర అంకె ఎక్కడిదన్న సందేహం రావాలి. నెమా 23 బెజ్జాలు నిజానికి 66.67 మి.మీ. వ్యాసమున్న వృత్తం మీద ఉంటాయి. అంగుళాల్లో అది రెండుంముప్పాతికకు కొంచెం తక్కువ, 2.625. దాన్ని రెండు వర్గమూలంతో భాగిస్తే 47.14. నెమా 17కు ఎడమే గుండ్రటి అంకె, 31. మరి పట్టికలో ఏది రాసుకోవాలి, ఎడమా, వృత్తమా? మోటారు తయారీదారు డేటాషీటులో ఏది ఇస్తాడో అది. మనం లెక్కకట్టి తెచ్చిన అంకెను మూలంగా పెట్టుకుంటే, గుండ్రం చేయడంలో పోయిన వందోవంతు మళ్లీ మళ్లీ పోతూనే ఉంటుంది.

స్కెచ్ తర్వాత దానికి మందం ఇవ్వడం, బెజ్జం తీయడం, అంచు గుండ్రం చేయడం. ఇవన్నీ ఒకదాని కింద ఒకటి చెట్టుగా పేరుకుంటాయి. పై మెట్టులో అంకె మారిస్తే కింది మెట్లన్నీ వరసగా మళ్లీ లెక్కకొస్తాయి. ఈ చెట్టులో చాలా ఏళ్లపాటు ఫ్రీక్యాడ్ వాడకందార్లను ఏడిపించిన చిక్కొకటి ఉంది. సాఫ్ట్‌వేర్ తన ఘనంలోని అంచులకు తానే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకుంటుంది. పన్నెండో అంచును గుండ్రం చేయమని చెప్పి, తర్వాత వెనక్కెళ్లి ఒక బెజ్జం చేరిస్తే నంబర్లు జరిగిపోతాయి. వీధిలో "నాలుగో ఇల్లు" అని చిరునామా రాస్తే, నడుమ కొత్త ఇల్లు లేచాక ఉత్తరం పక్కింటికి పోయినట్టు, గుండ్రం వేరే అంచుకు పడుతుంది. 1.0 వెర్షన్‌లో ఈ జబ్బుకు చాలావరకు మందు పడింది. అయినా పాతవాళ్ల అలవాటు మంచిదే: స్కెచ్‌లను వీలైనంతవరకు ఘనం ముఖాల మీద కాకుండా మూల తలాల మీద పెట్టడం, అంచులు గుండ్రం చేసే పని చివరిదాకా ఆపడం.

ప్లేటు చదునుగా ఉన్నంతసేపు బుర్రతో కూడా లెక్క నడుస్తుంది. రేకును వంచాల్సి వస్తే పారామెట్రిక్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మోటారుకు ఎల్ ఆకారపు బ్రాకెట్ కావాలి. బయటి కొలతలు 60, 50 మి.మీ., రేకు మందం 3, లోపలి వంపు వ్యాసార్ధం 3 అనుకుందాం. లేజర్ మెషీనుకు వంచకముందు చదును రేకు పొడవు చెప్పాలి. వంచినప్పుడు రేకు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుంటుంది, నడుమ ఎక్కడో ఒక పొర మాత్రం పొడవు మారకుండా ఉంటుంది. ఆ పొర మందంలో ఎంత లోతున ఉందో చెప్పే అంకె కె-ఫ్యాక్టర్, 0.44 అని తీసుకుంటే లంబకోణపు వంపుకు 6.79 మి.మీ. పొడవు పడుతుంది. రెండు వైపులా చదును భాగాలు 54, 44. మొత్తం 104.79.

ఖర్చు తగ్గించడానికి రేకును 2 మి.మీ.కు, వంపును 2కు దించితే? సన్నబడింది కాబట్టి రేకు పొడవూ తగ్గుతుందని మనసు చెబుతుంది. లెక్క మరోలా చెబుతుంది: చదును భాగాలు 56, 46 అవుతాయి, వంపు 4.52, మొత్తం 106.52. ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగా పొడుగు! మందాన్ని ఒక పేరుగా పెట్టి, వంపును దానికి సమానంగా కట్టి ఉంటే ఒక్క అంకె దిద్దగానే కొత్త చదును బొమ్మ లేజర్ మెషీనుకు ఇచ్చే డీఎక్స్ఎఫ్ ఫైలుగా బయటికొస్తుంది. కె-ఫ్యాక్టర్ మాత్రం పుస్తకాల్లోంచి ఎత్తుకునే అంకె కాదు. లోహాన్ని బట్టి, ప్రెస్ బ్రేకు డై వెడల్పును బట్టి మారుతుంది. ఒక ముక్క వంచి, కాలిపర్‌తో కొలిచి, వెనక్కి లెక్కకట్టి తెచ్చుకోవాలి. ఆ అంకె డిజైనర్ దగ్గర కన్నా వంచే మేస్త్రీ దగ్గర ఉండే అవకాశమే ఎక్కువ.

బయటి కంపెనీలకు పని చేసిపెట్టే జాబ్‌వర్క్ షాపుల అసలు ఇబ్బంది ఇక్కడే. కంపెనీ నుంచి ఫైలు సాధారణంగా స్టెప్ రూపంలోనో పీడీఎఫ్ రూపంలోనో వస్తుంది. స్టెప్ అంటే ఐఎస్ఓ 10303, 1994 నుంచి ఉన్న ప్రమాణం. ఒక సాఫ్ట్‌వేర్ బొమ్మను ఇంకోటి చదవడానికి పుట్టింది. ఆకారాన్ని అది నమ్మకంగా మోసుకొస్తుంది. ఆ ఆకారం వెనకున్న స్కెచ్‌లు, షరతులు, మెట్ల చెట్టు అందులో రావు. బెజ్జం 22.5 అని తెలుస్తుంది, 22కు అర మిల్లీమీటరు వదులు కలిపారని తెలియదు. కొన్ని కంపెనీలు ఇది కావాలనే చేస్తాయి. డిజైన్ రహస్యం తమ దగ్గరే ఉంచుకోవడం వాళ్ల హక్కు. కానీ "మోటారు మారింది" కబురు వచ్చినప్పుడు షాపులో కుర్రవాడు మొదటినుంచి గీయాల్సిందే.

పెద్దవాళ్లకూ ఈ దెబ్బ తప్పలేదు. ఎయిర్‌బస్ ఏ380 విమానంలో వైర్లు దాదాపు 530 కిలోమీటర్లు. హాంబర్గ్‌లో ఇంజినీర్లు క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ వి4 వెర్షన్ వాడారు, టులూజ్‌లో వి5. ఒకచోట జరిగిన మార్పు రెండోచోటి నమూనాలోకి సరిగా దిగలేదు. కూర్పు దశలో చూస్తే తయారైన వైరు కట్టలు అందాల్సిన చోటికి అందలేదు. 2006లో సంస్థ విమానాల అప్పగింతను పదేపదే వాయిదా వేసింది.

నేర్చుకునేవారికి దారులు బాగానే ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని సీఐటీడీ అనే శిక్షణ సంస్థ 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో మొదలై టూల్ డిజైన్ నేర్పుతోంది. బెంగళూరులో డెన్మార్క్ తోడ్పాటుతో పుట్టిన జీటీటీసీ అనే శిక్షణ కేంద్రం ఉంది. కోర్సులో ఏ సాఫ్ట్‌వేర్ నేర్పినా ఫరవాలేదు. మెనూ బొత్తాల చోటు మారుతుంది గానీ స్వేచ్ఛల లెక్క మారదు. వారం రోజుల్లో ఇంజిన్ మొత్తం గీయించే శిక్షణల కన్నా, ఒక్క ప్లేటును నాలుగు మోటార్లకు మార్చి చూపించమనే శిక్షణ మేలు.

ఆ పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఫ్రీక్యాడ్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ముఖం, ఎడం, గట్టు, స్క్రూ బెజ్జం, అంచు, వదులు అని గడులకు పేర్లు పెట్టాలి. స్కెచ్‌లో అంకె అడిగిన ప్రతిచోటా ఆ పేరే ఇవ్వాలి. ఆ తర్వాత కావాలనే ఒక తప్పు చేసి చూడాలి: నెమా 23కు మారుస్తూ ఎడాన్ని మాత్రం పాత 31 దగ్గరే వదిలేయాలి. స్కెచ్ ఆకుపచ్చగానే ఉంటుంది, ప్లేటు తయారవుతుంది, సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు, ఎందుకంటే జ్యామితిలో ఏ వైరుధ్యమూ లేదు. దగ్గరికి పెంచి చూస్తే మాత్రం నాలుగు స్క్రూ బెజ్జాలూ నడిమి బెజ్జంలోకి తెగి కలిసిపోయి ఉంటాయి. కాబట్టి నాలుగు అంకెలనూ ఒక మోటారు పేరు కింద ఒకే వరుసలో కట్టేసి, పేరు ఎంచుకుంటే వరుస మొత్తం మారేలా పెట్టుకోవాలి. పక్కన ఇంకో గడి చేర్చాలి: ఎడాన్ని 0.7071తో గుణించి, అందులోంచి రెండు రకాల బెజ్జాల వ్యాసార్ధాలనూ తీసేస్తే వాటి మధ్య మిగిలే లోహం ఎంతో వస్తుంది. నెమా 17 వరుసకు ఆ గడి 8.97 మి.మీ. చూపిస్తుంది, నెమా 23కు 11.28, ఎడం మార్చడం మరిచిన వరుసకు మైనస్ 0.13.